మూగజీవాల పార్టీకి అభ్యర్థి కావలెను

పార్టీ ఆఫీసు,
మెట్ల కింది గది

వదినా,

కవరు మీద నా దస్తూరీ చూడగానే "దీనికి ఏదో పని పడింది" అనుకునే ఉంటావు. పడింది. అందుకే నీ ఆరోగ్యం, నా ఆరోగ్యం చివర్లో రాస్తాను. ముందు విషయం చెప్పేస్తాను. నువ్వు ఎన్నికల్లో నిలబడాలి.

కాగితం చింపెయ్యకు, పూర్తిగా చదువు. అన్నయ్య చనిపోయిన ఏడాది వచ్చిన ఎన్నికల్లో మనం ఎవరినీ నిలబెట్టలేకపోయాం. వరసగా రెండోసారి కూడా ఎవరూ నిలబడకపోతే పార్టీ పేరు తీసేస్తామని ఎన్నికల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఈసారి ఎన్నికలు మీ ఊరి మున్సిపాలిటీకి. మనవాళ్ళలో అక్కడ ఓటున్నది నీకొక్కదానికే. ప్రచారం చెయ్యక్కర్లేదు, మైకు పట్టుకోనక్కర్లేదు. నామినేషన్ మీద సంతకం పెట్టి అక్కడ ఇచ్చెయ్యి. నువ్వు మా మనిషివేనని పార్టీ తరఫు లెటరు ఇక్కడి ఎన్నికల పెద్దాఫీసులో నేనిస్తాను. అది అందితేనే నీ నామినేషన్ చెల్లుతుంది. మిగతా చాకిరీ అంతా నాది.

పార్టీ అంటే ఇప్పుడు మేం నలుగురం. నేను, టైలరు, రిటైరైన పోస్ట్‌మ్యాను, బడ్డీకొట్టాయన. ప్రతి మంగళవారం కూర్చుంటాం. పోయిన వారం మీటింగంతా ఆఫీసులో దోమల బత్తి వెలిగించొచ్చా వద్దా అన్నదాని మీదే నడిచింది. దోమది మాత్రం ప్రాణం కాదా అంటాడు పోస్ట్‌మ్యాను. మరి నాది కాదా అంటాడు టైలరు. ఓటింగు పెడితే ఇద్దరటూ ఇద్దరిటూ అయ్యారు. దోమలు మాత్రం ఓటింగు అయ్యేదాకా ఆగలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. అన్నయ్య పెట్టిన నియమం నీకు తెలుసు కదా. మన తరఫున నిలబడేవాళ్ళు ఎవరికీ అక్కర్లేని ముసలి జంతువునొకదాన్ని ఇంటికి తీసుకెళ్ళాలి. గెలిచినా ఓడినా అది పోయేదాకా సాకాలి. ఉత్తమాటలు చెప్పి ఓటడిగే హక్కు మనకి లేదనేవాడు. అలా టైలరింట్లో కుక్కలున్నాయి, పోస్ట్‌మ్యాను దొడ్లో గుడ్డి గుర్రం ఉంది, బడ్డీకొట్టు వెనక గుడ్లు మానేసిన కోళ్ళున్నాయి. మనం ఓడిపోయిన ఎన్నికలన్నీ ఇంకా మేత మేస్తూనే ఉన్నాయి వదినా. నీ వంతుకి ఒక మేక వస్తుంది.

పార్టీ పేరెత్తితే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. కానీ ఇది అన్నయ్య చేత్తో పెట్టింది. ఇదీ పోతే ఆయన తాలూకు నీకింకేం మిగులుతుంది? అది తల్చుకునే అడుగుతున్నాను.

నా మోకాలు అలాగే ఉంది. గదిలో చెమ్మ కూడా అలాగే ఉంది.

నీ ఆడపడుచు


లాండ్రీ వెనక వీధి,
కింది వాటా

సకల ప్రాణికోటి కార్యదర్శి గారి సముఖానికి,

చింపలేదు. చింపుదామనే తీశాను, కానీ దోమల దగ్గర నవ్వొచ్చి చెయ్యి ఆగింది.

ఏమ్మా, మీ ఇంటికి కోడలిగా వచ్చిన పాపానికి ఇంకా ఎన్ని చెయ్యాలి నేను? మీ అన్నయ్య కోళ్ళ లారీ తోలుకుంటూ బుద్ధిగా ఇల్లు నడిపే మనిషి. ఒకరోజు రోడ్డు పక్కన లారీ ఆపి, డబ్బాలన్నీ తెరిచి, నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. "కోళ్ళేవయ్యా?" అని ఓనరు అరిస్తే "వెళ్ళిపోయాయండీ" అన్నాడు, అదేదో అవే సెలవు పెట్టి వెళ్ళినట్టు. ఆ మర్నాటి నుంచి నేను ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లూ డాక్టర్ల కోట్లూ మడతపెడుతున్నాను. ఇంటాయనేమో పార్టీ పెట్టాడు. పండక్కి లేడు, పబ్బానికి లేడు, నాకు జ్వరమొస్తే లేడు. సవతయినా ఆ పార్టీ అంత పెత్తనం చెలాయించదు. ఇప్పుడు ఆ సవతి మంచాన పడితే వచ్చి సేవ చెయ్యమంటున్నావు!

నేను చేపలు తింటాను. మానను. అది ముందే చెబుతున్నాను, తర్వాత నీ పోస్ట్‌మ్యాను చేత నాకు నీతులు రాయించకు.

సంతకం పెడతాను. ఎందుకు ఒప్పుకున్నానని మాత్రం అడక్కు. మేకని పంపు. మా వాటా వెనక తలుపు తీస్తే లాండ్రీ బట్టలారేసే దొడ్డి. ఆ దొడ్డి ఆసుపత్రిది, నాది కాదు. కాబట్టి వచ్చే మేక కాస్త బుద్ధీ జ్ఞానం ఉన్నదయితే మంచిది. మీ ఇంటి మనుషుల్లా ఉంటే కష్టం.

మోకాలు అలాగే ఉందని రాస్తే సరిపోదు. డాక్టరు దగ్గరికి వెళ్ళావా లేదా రాయి.

మీ వదిన


ఆఫీసు

వదినా,

నీ ఉత్తరం బడ్డీకొట్టు దగ్గరే నిలబడి చదివాను. సవతి మాటకి పకపకా నవ్వాను. జ్వరం మాట చదివాక నవ్వలేకపోయాను. ఆ రోజుల్లో అన్నయ్యని ఊళ్ళు తిప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను కదా.

మేక గురువారం బయల్దేరుతుంది. పాత సామాన్లు తీసుకెళ్ళే వ్యాను అతను మీ వైపు వస్తున్నాడు, ఎక్కించుకుంటానన్నాడు. దాని గురించి కొంచెం చెప్పాలి. ఏదో కాలేజీలో ప్రయోగాలకని ఏళ్ళ తరబడి దానికి సూదులు గుచ్చారట. ముసలిదయ్యాక గేటు బయట వదిలేశారు. మనుషులంటే మంచిదే, చెయ్యి నాకుతుంది. తెల్లకోటు కనిపిస్తే మాత్రం దానికి పూనకం వస్తుంది, తల వంచి వచ్చి కుమ్మేస్తుంది. అది తప్ప ఏ గొడవా లేదు. ఎండుగడ్డి వద్దు, నమలలేదు. ఆకులు పెట్టు.

కరపత్రాలు కూడా అదే వ్యానులో పెట్టాను. వద్దనుకుంటే పంచకు. కొత్త కాగితం వాడకూడదని మన నియమం కదా, ప్రెస్సు అతను ఒకవైపు అచ్చయి మిగిలిపోయినవి చౌకగా ఇచ్చాడు. వెనకవైపు ఏవో రంగుల బొమ్మలున్నాయి, పట్టించుకోకు. మనది నల్లసిరా వైపు.

మంగళవారం మీటింగులో నాకు నిద్ర పట్టేసింది వదినా. అధ్యక్షత వహిస్తూ నిద్రపోయాను. కళ్ళు తెరిచేసరికి ముగ్గురూ నన్నే చూస్తూ కూర్చుని ఉన్నారు. లేపొచ్చు కదా అంటే "పాపం, అలిసిపోయారని" అన్నాడు టైలరు. ఎవరూ ఇంటికి పోలేదు. ఇన్నేళ్ళలో మనం గెలిచిందేమిటా అని లెక్క చూసుకుంటే ఒక్కటే తేలింది. సంతకి వెళ్ళే లారీలు దారిలో ఆగి పశువులకి నీళ్ళు పెట్టాలన్న ఆర్డరు. అదీ సగం లారీలు పాటించవు. ఏదోలే, నీకు రాసి నిన్ను కూడా నీరసపెట్టడం దేనికి.

డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తాను.

నీ ఆడపడుచు


లాండ్రీ వెనక వీధి

కార్యదర్శి గారూ,

మీ పార్టీకి ఓటు పడుతుందో లేదో గానీ కోళ్ళ దుకాణానికి మాత్రం గిరాకీ పెరిగింది. రంగుల బొమ్మలు పట్టించుకోవద్దన్నావు చూడు, అది మా బజారు చివరి కోళ్ళ దుకాణం వాడి ప్రకటన. ఈ కాగితం తెచ్చినవాళ్ళకి ధర తగ్గిస్తానని మీ ఊరి ప్రెస్సులో ఎప్పుడో అచ్చేయించి, ఎందుకో పంచకుండా వదిలేశాడు. నేను మహా కష్టపడి ఇంటింటికీ తిరిగి "మూగజీవాలను కాపాడండి" అని చేతిలో పెట్టడం, వాళ్ళు తిప్పి చూసి సంచీ తీసుకుని నేరుగా అక్కడికి పోవడం! సాయంత్రం దుకాణం వాడు లబోదిబోమంటూ మా గుమ్మంలోకి వచ్చాడు. "అక్కా, నేనేం పాపం చేశాను, నన్ను ముంచడానికే ఎన్నికల్లో నిలబడ్డావా?" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదే. గోడ పట్టుకుని నవ్వాను. మీ అన్నయ్య పోయాక అంతలా నవ్వడం ఇదే. మిగిలినవి మేకకి పెట్టేశాను. రెండు వైపులా తినేసింది, దానికి ఏ పార్టీ అయినా ఒకటే.

ఇంటింటికీ తిరిగానని రాసేశానా? సరే, తిరిగాను. ఊరికే కూర్చోలేక. ఒకామె అడిగింది, ఇన్నేళ్ళలో మీ పార్టీ ఏం చేసిందమ్మా అని. లారీల్లో పశువులకి నీళ్ళు పెట్టాలని ఆర్డరు తెచ్చాం అన్నాను. "తెచ్చాం" అని నా నోటితోనే అన్నాను, విన్నావా! మీ అన్నయ్య వింటే ఎగిరి గంతేసేవాడు.

నామినేషన్ కాగితం ఇచ్చేశాను. అక్కడి గుమస్తా నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూసి "పార్టీ లెటరు పైనుంచి రావాలి" అన్నాడు. వస్తుందని చెప్పాను.

మేక బాగానే ఉంది. దానికి పడనివి కొన్ని ఉన్నాయి, ఎవరికుండవు? దాని గురించి బెంగపెట్టుకోకు.

నిద్ర పట్టేసిందన్నావు. పడుకోవే తల్లీ, ఎవరు వద్దన్నారు? ఓసారి వచ్చి నాలుగు రోజులుండి పో.

మీ వదిన


ఆఫీసు

వదినా,

వ్యాను అతను ఇవాళ పొద్దున వచ్చాడు. నాకు నువ్వు రాయనిదంతా చెప్పాడు.

వెనక తలుపు గడియ ఊడిందట. మేక దొడ్లోకి వెళ్ళి తీగల మీద ఆరేసిన డాక్టర్ల కోట్లన్నీ కుమ్మి చింపేసిందట. ఒక్కటి కూడా పనికొచ్చేలా మిగల్లేదట. నిన్ను మర్నాటి నుంచి రావద్దన్నారట. అది జరిగి కూడా చాలా రోజులైందట! నువ్వేమో నాకు కోళ్ళ దుకాణం కబుర్లు రాస్తున్నావు, నవ్వానని రాస్తున్నావు. నేను ఆ ఉత్తరం ముగ్గురికీ చదివి వినిపించి నవ్వించాను. ఎంత సిగ్గుగా ఉందో తెలుసా?

తెల్లకోటంటే పడని మేకని ఏరికోరి ఆసుపత్రి లాండ్రీకి పంపిన తెలివైనదాన్ని నేను. మళ్ళీ నా చేత్తోనే రాశాను, తెల్లకోటు చూస్తే కుమ్ముతుందని. రాస్తున్నప్పుడైనా బుర్ర వెలగలేదు. నియమం ప్రకారం జంతువు ముసలిదేనా, ఎవరికీ అక్కర్లేనిదేనా అని చూశాను. అది వెళ్ళే ఇల్లు ఎలాంటిదో చూళ్ళేదు. మేం ఎప్పుడూ ఇంతే వదినా. లోకంలో ఉన్న ప్రాణులన్నీ కనిపిస్తాయి మాకు, ఇంట్లో మనిషి కనిపించదు. నీ జ్వరం రోజుల్లో కూడా ఇలాగే జరిగి ఉంటుంది.

మేకని తిరిగి పంపెయ్యి, నేను ఇక్కడ మెట్ల కింద కట్టేసుకుంటాను. లాండ్రీ వాళ్ళకి ఉత్తరం రాస్తాను, తప్పు నాదని.

పార్టీ లెటరు ఇవ్వడానికి శుక్రవారం ఆఖరు. ఏం చెయ్యమంటావు? వద్దను, మానేస్తాను. నిలబడతానంటే ఇస్తాను. ఈ ఒక్కటీ నువ్వే చెప్పాలి. వెంటనే రాయి.

నీ ఆడపడుచు


లాండ్రీ వెనక వీధి

అమ్మాయీ,

ఆ వ్యాను వాడి నోటికి తాళం వెయ్యాలి.

ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుంది. హాస్టల్ వాళ్ళు దుప్పట్లకి మనిషి కావాలంటున్నారు, అడిగాను. ఎవరికీ ఉత్తరాలు రాయకు, నాకు తలవంపులు. మేకని పంపను. ఇన్నేళ్ళూ దాన్ని గుచ్చినవాళ్ళ కోట్లు అవి కావని దానికెలా తెలుస్తుంది?

నిలబడతానన్నాను, నిలబడతాను. లెటరు ఇచ్చెయ్యి. ఇంకేం ఆలోచించకు.

వదిన


ఎన్నికల ఆఫీసు ఎదురుగా,
టీ కొట్టు బల్ల

వదినా,

ఇవ్వలేదు.

లెటరు చేతిలోనే ఉంది, నా సంతకం ఉంది, పార్టీ ముద్ర ఉంది. పొద్దున్నే వచ్చాను. కిటికీ ముందు ఎవరూ లేరు. గుమస్తా కుర్రాడేం కాదు, నా ఈడువాడే. "ఇస్తారామ్మా?" అన్నాడు. "ఒక్క నిమిషం" అని వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. భోజనానికి వెళ్ళొచ్చి మళ్ళీ అడిగాడు. ఒకరు రావాలి అన్నాను. ఎవరు రావాలో నాకే తెలీదు. సాయంత్రం కిటికీ మూస్తూ నన్నోసారి చూశాడు, ఇంకొంచెంసేపు తెరిచే ఉంచాడు కూడా. నేను కదల్లేదు. మూసేశాడు.

నీ ఉద్యోగం పోయినందుకే ఇవ్వలేదని రాస్తే ఎంత బాగుండేది! నువ్వు నమ్మేదానివి, నేనూ మంచిదాన్నయ్యేదాన్ని. అది కాదు వదినా. నాకు ఓపిక అయిపోయింది. ఇవాళ్టిది కాదు, అన్నయ్య పోయినప్పుడే అయిపోయింది. ఎవరైనా వచ్చి చాలమ్మా, ఇక ఇంటికెళ్ళు అంటే బాగుండునని మూడేళ్ళుగా చూస్తున్నాను. ఎవరంటారు? అనే హక్కు నీకొక్కదానికే ఉంది. నీ ఉత్తరం అందగానే "వద్దు" అని ఉంటుందేమోనని ఆశగా చింపి చూశాను. నువ్వేమో నిలబడతానన్నావు.

ఇన్నాళ్ళూ లాక్కొచ్చింది నీ కోసమే. మొగుణ్ణి దీనికి ధారపోశావు, ఇది కూడా పోతే నీ జీవితమంతా వృథా అయిపోయినట్టు ఉంటుందని. ఇప్పుడు నీ ఉద్యోగం కూడా పోగొట్టి, చేతిలో మేకని పెట్టి, చివరికి ఉత్తచేతులతో నిలబెట్టాను. నన్ను తిట్టు. కానీ తిట్టేసి ఊరుకో, మాట్లాడ్డం మానెయ్యకు.

మరదలు


లాండ్రీ వెనక వీధి

మరదలు పిల్లా,

ఉత్తరం చదివి ముందు బాగా కోపం వచ్చింది. ఇంటింటికీ తిరిగిన కాళ్ళు నావి. కోళ్ళ దుకాణం వాడి చేత తిట్లు తిన్నది నేను. గుమస్తా దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళి లెటరొచ్చిందా అని అడిగాను. నువ్వక్కడ బెంచీ మీద కూర్చున్నావన్నమాట! సాయంత్రం దాకా గిన్నెల మీద చూపించాను ఆ కోపమంతా.

తర్వాత రెండోసారి చదివాను. నా కోసమా? నా కోసం లాక్కొచ్చావా? ఓసి పిచ్చిదానా! నేను సంతకం పెట్టింది నీ కోసమే. ఎందుకు ఒప్పుకున్నానో అడగొద్దన్నాను చూడు, అందుకే. నీకు పెళ్ళి లేదు, పిల్లల్లేరు, ఉద్యోగం దీని కోసమే మానేశావు. ఆ మెట్ల కింది గది కూడా లేకపోతే నువ్వేమైపోతావోనని భయమేసింది. మీ అన్నయ్య పోయాక నువ్వొక్కదానివే ఆయన ఇంకా ఉన్నట్టే "అన్నయ్య" అంటూ రాస్తావు, మాట్లాడతావు. నువ్వు కూడా పోతే నాకెవరున్నారు? అందుకని కోట్లు చిరిగినా, ఉద్యోగం ఊడినా నోరు మూసుకుని నిలబడతానన్నాను. మనిద్దరి కంటే మేక నయం, పడనిది పడదని చెప్పింది.

ఆ పార్టీని నేను ఎన్ని తిట్లు తిట్టానో దానికే తెలియాలి. పోయిందని చదివాక ఏడ్చాను. ఎందుకేడ్చానో నాకే తెలీలేదు. మీ అన్నయ్య లారీ వదిలేసి నడిచొచ్చిన రోజు ఒళ్ళంతా ఈకలే. నేను విసుక్కుంటూ ఒక్కొక్కటీ ఏరాను. ఆయన అంత సంతోషంగా ఉండటం అదే మొదలు. ఆ రోజే ఒకమాట అనుండాల్సింది, మంచి పని చేశావయ్యా అని. అనలేదు. నువ్వయినా విను. మీరు చేసింది మంచి పనే. ఎవరూ ఓటెయ్యకపోయినా మంచి పనే.

అనే హక్కు నాకే ఉందన్నావు కదా. అయితే అంటున్నాను. చాలమ్మా. ఇక ఇంటికి వెళ్ళు. నీకు ఇల్లంటూ ఏదీ లేదని తెలుసు, అద్దె గది ఇల్లు కాదు. కాబట్టి ఇక్కడికి రా.

హాస్టల్లో పని దొరికింది. వాళ్ళ దుప్పట్లు నీలం రంగువి.

వదిన


మెట్ల కింది గది

వదినా,

మంగళవారం ముగ్గురికీ చెప్పేశాను. ఎలా చెప్పాలా అని రాత్రంతా మథనపడ్డాను. చెప్పాక టైలరు నెమ్మదిగా "అయితే మంగళవారాలు ఇంటి దగ్గర ఉండొచ్చా?" అన్నాడు. "నేను రాకపోతే వీళ్ళిద్దరూ బాధపడతారని వస్తున్నాను" అన్నాడు బడ్డీకొట్టాయన. పోస్ట్‌మ్యాను అయితే, "నేను రావడం మానేస్తే మీరు కుప్పకూలిపోతారని మా ఆవిడతో రోజూ అంటున్నానండీ" అన్నాడు నాతో. అందరం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాం. ఇంతమందిమి ఇన్నేళ్ళూ ఒకళ్ళనొకళ్ళం మోస్తున్నామనుకుని, అందరం కలిసి ఉత్త గదిని మోశాం. పోస్ట్‌మ్యాను లేచి దోమల బత్తి వెలిగించాడు. ఎవరూ ఓటింగు అడగలేదు.

తమ ఇళ్ళలో ఉన్న జంతువులని ఏం చెయ్యాలని మాత్రం ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. టైలరు కుక్కలకి టైమైందని అందరికంటే ముందు లేచి వెళ్ళిపోయాడు.

పార్టీ పేరు కొట్టేశామని మొన్న కాగితం వచ్చింది. ఈ గది తాళం వెళ్ళేటప్పుడు ఇంటివాళ్ళకిచ్చేస్తానన్నాను. బోర్డు దింపుతుంటే ఏడుస్తానేమోననుకున్నాను. ఏడుపు రాలేదు వదినా, బ్రహ్మాండంగా ఆకలేసింది. ఎన్నాళ్ళైందో అలా ఆకలేసి. ఎదురు హోటల్లో కూర్చుని కడుపు నిండా తిని, నా అద్దె గదికి వచ్చి పడుకుంటే మర్నాడు మధ్యాహ్నానికి మెలకువొచ్చింది. లేవగానే అలవాటుగా ఇవాళ ఏం పనుందా అనుకున్నాను. ఏమీ లేదు. కాసేపు భయమేసింది. తర్వాత అటు తిరిగి ఇంకాసేపు పడుకున్నాను.

సోమవారం బస్సుకి బయల్దేరుతున్నాను. అద్దె గది కూడా ఖాళీ చేసేస్తున్నాను, సామాను ఒక్క పెట్టే. ఎన్నాళ్ళుంటావని మాత్రం అడక్కు వదినా. నాకిప్పుడు తిరిగి వెళ్ళాల్సిన చోటు ఏదీ లేదు.

మరదలు